హెడ్ నర్సు బాధ్యతలు: వార్డు టీమ్‌ను నడిపించే సీనియర్ నర్సులు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా హెడ్ నర్సు అయినవాళ్లు, ప్రమోషన్ దగ్గర పడ్డవాళ్లు, ఉన్నట్టుండి వార్డు ఇన్‌ఛార్జ్ బాధ్యత మీద పడ్డవాళ్లు అడిగే ప్రశ్నలు ఇవి. ప్రభుత్వ ఆసుపత్రి వార్డును మనసులో పెట్టుకుని జవాబులు రాశాను. ప్రైవేటులో హోదాల పేర్లు, ఫారాలు మారతాయి. పేషెంట్ మంచం దగ్గర జరిగే పని మాత్రం ఒకటే.

హెడ్ నర్సు, సీనియర్ నర్సింగ్ ఆఫీసర్, ఇన్‌ఛార్జ్ సిస్టర్... అందరూ ఒకటేనా?

దాదాపు ఒకటే. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సును 2016 నుంచి నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు. తెలంగాణలో 2023లో పేర్లు మారాయి: స్టాఫ్ నర్సు నర్సింగ్ ఆఫీసర్ అయ్యారు, హెడ్ నర్సు సీనియర్ నర్సింగ్ ఆఫీసర్ అయ్యారు. వార్డులో మాత్రం అందరూ ఇప్పటికీ 'హెడ్ సిస్టర్' అనే పిలుస్తారు. 'ఇన్‌ఛార్జ్' అనేది హోదా కాదు, అప్పగించిన బాధ్యత. హెడ్ నర్సు లేని షిఫ్టులో సీనియర్ స్టాఫ్ నర్సే ఇన్‌ఛార్జ్. కాబట్టి ప్రమోషన్ ఇంకా రాలేదు కదా అని ఈ పేజీ మూసేయకండి. రాత్రి డ్యూటీలో ఇద్దరిలో మీరు సీనియర్ అయితే ఇదంతా మీ పనే.

పన్నెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. ఇప్పుడు హెడ్ నర్సును. నిజంగా ఏం మారుతుంది?

ఇన్నాళ్లూ మీ ఎనిమిది మంది పేషెంట్లు బాగుంటే మీ డ్యూటీ బాగా జరిగినట్టు. ఇప్పుడు వార్డులో ఉన్న నలభై మందికీ మీరే జవాబుదారీ. కానీ ఆ నలభై మందినీ మీరొక్కరే చూడలేరు. ఐదుగురు నర్సుల కళ్లతో చూస్తారు, వాళ్ల చెవులతో వింటారు. వాళ్లకు కనిపించింది మీ దాకా ఎంత త్వరగా వస్తుంది? మీ వార్డు భద్రత అంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ కొత్త హెడ్ నర్సులు రెండు రకాలుగా ఇబ్బంది పడతారు. కొందరు పాత అలవాటు వదలలేక కాన్యులాలు (నరంలో పెట్టే సన్నని గొట్టాలు), డ్రెస్సింగులు అన్నీ తామే చేసేస్తారు. చేయి బాగా తిరిగినవాళ్లు కాబట్టి పని చకచకా అయిపోతుంది, కానీ జూనియర్‌కు నేర్చుకునే అవకాశం పోతుంది, వార్డు మొత్తాన్ని చూసే మనిషి ఎవరూ మిగలరు. ఇంకొందరు రిజిస్టర్ల ముందు కూర్చుని లేవరు. వార్డులో ఏం జరుగుతోందో వాళ్లకు సాయంత్రానికి గానీ తెలియదు. నేను కొత్తవాళ్లకు చెప్పేది ఇది: రోజూ కష్టమైన పేషెంట్ ఒకరిని ఎంచుకోండి, జూనియర్‌ను పక్కన పెట్టుకుని ఆ పేషెంట్ పని మీరే చేయండి. మీ చేయి పదును పోదు, వాళ్లు నేర్చుకుంటారు. మిగిలిన సమయమంతా వార్డు మీద కన్ను ఉండాలి.

షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ ఎలా జరగాలి?

మంచం దగ్గర. ఇందులో రాజీ వద్దు.

చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8 గంటలకు షిఫ్టు మారుతుంది. ఇంటికి వెళ్లేవాళ్లకు తొందర, వచ్చినవాళ్లు ఇంకా బస్సు హడావుడిలోంచి తేరుకోరు. ఆ పది నిమిషాల్లో డెస్క్ దగ్గర నిలబడి 'అందరూ స్టేబుల్, పదకొండో బెడ్ డిశ్చార్జి' అనేసి సంతకాలు పెట్టుకుంటే చాలా విషయాలు జారిపోతాయి.

మంచం దగ్గర నిలబడితే కళ్లకు కనిపించేవి వేరు. సెలైన్ బాటిల్ మీద టైమ్ రాసి ఉందా? కాన్యులా చుట్టూ వాపు ఉందా, అది పెట్టి ఎన్నాళ్లయింది? యూరిన్ బ్యాగ్‌లో ఎంత ఉంది, ఏ రంగులో ఉంది, బ్యాగ్ నేలకు తగులుతోందా? డ్రెయిన్‌లో (ఆపరేషన్ చోటు నుంచి ద్రవం బయటికి తీసే గొట్టం) వచ్చేది పచ్చగా ఉందా ఎర్రగా ఉందా? ఆక్సిజన్ ఎన్ని లీటర్లు పెట్టారు, ఆర్డరులో ఎంత రాశారు? చేతికి ఐడీ బ్యాండ్ ఉందా? ఇవన్నీ చూడటానికి ఒక్కో పేషెంట్‌కు నిమిషం చాలు. సీరియస్ పేషెంట్‌కు ఐదు నిమిషాలు తీసుకోండి. వార్డు నిండిపోయి నేల మీద పరుపులు వేసిన రోజున కూడా కనీసం సీరియస్ పేషెంట్లు, ఆపరేషన్ అయినవాళ్లు, రక్తం ఎక్కుతున్నవాళ్ల దగ్గర మంచం పక్కనే హ్యాండోవర్ జరగాలి.

ఇంకో మాట. డయాగ్నసిస్‌లో హెచ్ఐవి లాంటివి ఉంటే పక్క బెడ్డు వాళ్లకు వినపడేలా చెప్పకూడదు. అది పేపరు మీద చూపించుకోవాలి.

పేషెంట్ పరిస్థితి దిగజారుతోందని ముందే పసిగట్టడం ఎలా? జూనియర్లకు ఎలా నేర్పాలి?

వార్డులో గుండె ఆగిపోయే పేషెంట్లలో చాలామంది అంతకు కొన్ని గంటల ముందే సంకేతాలు ఇస్తారు. వాటిలో అన్నిటికంటే ముందు మారేది, అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది శ్వాస రేటు. ఏ వార్డులో ఛార్టు తీసినా పైనుంచి కింద దాకా 18, 20, 18, 20 అని ఉంటుంది. ఎవరూ లెక్కపెట్టలేదని దాన్ని చూస్తేనే అర్థమవుతుంది. జూనియర్ చేత వాచీ చూసి పూర్తి నిమిషం లెక్కపెట్టించండి. పల్స్ చూస్తున్నట్టు చేయి పట్టుకునే ఉండి ఛాతీ వైపు చూడమనండి. శ్వాస లెక్కపెడుతున్నారని తెలిస్తే పేషెంట్ ఊపిరి తీసే తీరు మారిపోతుంది.

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించి ఇచ్చిన న్యూస్-2 (పేషెంట్ దిగజారుతున్నాడని ముందే హెచ్చరించే) స్కోరు ఇందుకు మంచి పనిముట్టు. శ్వాస రేటు, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్... ఈ ఏడింటికీ మార్కులు వేసి కూడటమే. మొత్తం 5 గానీ 6 గానీ వస్తే డాక్టరు త్వరగా వచ్చి చూడాలి. 7 గానీ ఆపైన గానీ వస్తే అది ఎమర్జెన్సీ. ఏ ఒక్కదానికే 3 మార్కులు పడినా డాక్టరుకు చెప్పాలి.

ఉదాహరణకు నిన్న పేగు ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన. సాచురేషన్ 96, ఆక్సిజన్ లేకుండానే. మాట బాగానే ఉంది. బీపీ 110/70, పల్స్ 112, టెంపరేచర్ 101, శ్వాస 26. ఒక్కో అంకె విడిగా చూస్తే ఎవరూ కంగారు పడరు. బీపీ బాగానే ఉంది కదా అనుకుంటారు, జ్వరానికి పారాసిటమాల్ వేసి ఊరుకుంటారు. కూడి చూడండి: శ్వాసకు 3, పల్స్‌కు 2, బీపీకి 1, టెంపరేచర్‌కు 1. మొత్తం 7. డాక్టరు ఇప్పుడే రావాలి.

స్కోరుతో పాటు ఇంకొకటి నేర్పండి. 'పొద్దున్నుంచి మా ఆయన అదోలా ఉన్నాడమ్మా' అని భార్య అంటే అది కూడా ఒక సంకేతమే. 'మేడమ్, ఎందుకో ఈ పేషెంట్ నాకు తేడాగా అనిపిస్తున్నాడు' అని జూనియర్ వచ్చి చెబితే, అంకెలన్నీ నార్మల్‌గా ఉన్నా సరే, లేచి వెళ్లి చూడండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ ఉండకపోవచ్చు. ఆ తొమ్మిదిసార్లూ 'చెప్పి మంచి పని చేశావమ్మా' అనాలి. ఒక్కసారి విసుక్కుంటే పదోసారి ఆ అమ్మాయి మీ దగ్గరకు రాదు.

రాత్రిపూట డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేస్తే కసురుకుంటారు. జూనియర్లు భయపడి చేయడం లేదు. ఏం చేయాలి?

ఈ భయం వల్లే పేషెంట్లు నష్టపోతారు, కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. ముప్ఫై ఆరు గంటలుగా నిద్ర లేని పీజీ డాక్టరు విసుక్కోవడం అర్థం చేసుకోగలిగిందే. కానీ ఆ విసుగుకు పేషెంట్ మూల్యం చెల్లించకూడదు.

ముందు ఫోన్‌లో ఎలా చెప్పాలో ప్రాక్టీస్ చేయించండి. 'సార్, మూడో బెడ్ పేషెంట్‌కు బాగోలేదు' అంటే అవతలివాళ్లకు ఏమీ తెలియదు. ఇలా చెప్పమనండి: 'సార్, మేల్ సర్జికల్ వార్డు నుంచి సిస్టర్‌ని. మూడో బెడ్, నిన్న పేగు ఆపరేషన్ అయిన పేషెంట్. శ్వాస 26, పల్స్ 112, బీపీ 110/70, టెంపరేచర్ 101. న్యూస్ స్కోరు 7. నాలుగు గంటల్లో యూరిన్ 60 ఎం.ఎల్. మాత్రమే వచ్చింది. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి రావడం) ఏమోనని నా అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడాలి. ఈలోగా కల్చర్‌కు బ్లడ్ తీయమంటారా?' ఇది అరనిమిషం మాట. ఎవరు, ఏమైంది, వెనక కథ ఏంటి, ఇప్పుడెలా ఉంది, ఏం కావాలి అన్నీ అందులో ఉన్నాయి. ఇంత స్పష్టంగా చెప్పిన నర్సును కసురుకోవడం ఎవరికైనా కష్టమే.

రెండోది, మెట్ల వరుస ముందే తేల్చి పెట్టుకోవడం. పీజీ రాకపోతే ఎన్ని నిమిషాలకు అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు చేయాలి, తర్వాత డ్యూటీ ఆర్ఎంఓకు (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) ఎప్పుడు? ఇది యూనిట్ చీఫ్‌తో పగలు కూర్చుని మాట్లాడి, కాగితం మీద పెట్టించి, ఫోన్ పక్కన గోడకు అంటించాలి. ఆ కాగితం ఉంటే రాత్రి జూనియర్ నర్సు 'పైవాళ్లకు చెప్పింది' అన్న నింద పడక్కర్లేదు, రూల్ పాటించింది అంతే. మీరు ఇంట్లో ఉన్నా 'డౌటుంటే నాకు ఫోన్ చెయ్యి' అని చెప్పండి. చేసినప్పుడు ఎత్తండి.

మందుల విషయంలో సీనియర్ నర్సు ప్రత్యేకంగా దేని మీద కన్నేసి ఉంచాలి?

అన్ని మందులూ ముఖ్యమే, కానీ కొన్నింట్లో పొరపాటు జరిగితే దిద్దుకునే టైమ్ ఉండదు. ఇన్సులిన్, పొటాషియం క్లోరైడ్, హెపారిన్, మత్తు మందులు, గుండెకు ఇచ్చే ఇన్‌ఫ్యూజన్లు ఈ జాబితాలోవి. వీటికి ఇద్దరు నర్సులు విడివిడిగా చెక్ చేసుకోవాలి. 'నేను చూశాలే, నువ్వు సంతకం పెట్టు' అనేది చెకింగ్ కాదు. రెండో మనిషి ఆర్డరు తానే చదవాలి, లెక్క తానే వేయాలి.

పొటాషియం క్లోరైడ్ యాంప్యూల్ 10 ఎం.ఎల్. ఉంటుంది, 15 శాతం ద్రావణం, 20 మిల్లీ ఈక్వివలెంట్లు. చూడటానికి నీళ్లలా ఉంటుంది, డిస్టిల్డ్ వాటర్ యాంప్యూల్‌తో పక్కపక్కన పెడితే తేడా కనపడదు. దాన్ని నేరుగా ఐవీ (నరంలోకి) ఇస్తే గుండె ఆగిపోతుంది. ఎప్పుడూ సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఇవ్వాలి. మీ వార్డు మందుల ట్రేలో అది మిగతా యాంప్యూల్స్‌తో కలిసి ఉంటే ఈ రోజే తీసి వేరే డబ్బాలో పెట్టి, ఎర్ర లేబుల్ అంటించండి.

ఇన్సులిన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన దేశంలో రోజూ ఎదురయ్యే చిక్కు. మన దగ్గర వయల్స్ రెండు రకాలు: ఎం.ఎల్.కు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. సిరంజిలూ రెండు రకాలు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. స్టోర్ నుంచి ఏ నెల ఏది వస్తుందో తెలియదు. 40 సిరంజిలో 100 యూనిట్ల వయల్ నుంచి 10 గీత దాకా తీశారనుకోండి. పేషెంట్ ఒంట్లోకి వెళ్లేది 10 యూనిట్లు కాదు, 25. రాత్రి భోజనం సరిగ్గా తినని ముసలామెకు ఆ డోసు చాలు, తెల్లారేసరికి షుగర్ పడిపోయి స్పృహ తప్పుతుంది. సరుకు వచ్చిన రోజే వయల్, సిరంజి రెండూ చేత్తో పట్టుకుని జత కుదిరిందో లేదో చూడండి. కుదరకపోతే స్టోర్‌కు తిప్పి పంపండి. వార్డులో రెండు రకాల సిరంజిలు ఒకే ట్రేలో ఉండనివ్వొద్దు.

మార్ఫిన్, ఫెంటానిల్ లాంటివి రెండు తాళాల కింద ఉండాలి. షిఫ్టు మారేటప్పుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టాలి. యాంప్యూల్‌లో మిగిలింది పారబోస్తే ఇద్దరి సంతకం ఉండాలి. తాళంచెవి మీ దగ్గరో, షిఫ్టు ఇన్‌ఛార్జ్ దగ్గరో ఉండాలి తప్ప డెస్క్ సొరుగులో కాదు.

జూనియర్ నర్సు మందు తప్పు ఇచ్చింది. నేనేం చేయాలి?

మొదట పేషెంట్ దగ్గరకు వెళ్లండి. వైటల్స్ (పల్స్, బీపీ, శ్వాస లాంటివి) చూడండి, డాక్టరుకు చెప్పండి, చేయాల్సింది చేయండి. ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అన్నది తర్వాత.

ఆ తర్వాత ఆ అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి ఏం జరిగిందో అడగండి. వార్డు మధ్యలో, పేషెంట్ల ముందు, తోటివాళ్ల ముందు అరవొద్దు. అరిస్తే ఆ రోజు ఒక తప్పు బయటపడుతుంది, ఆ తర్వాత ఏ తప్పూ బయటపడదు. అందరూ దాచిపెట్టడం నేర్చుకుంటారు. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: ఇద్దరు పేషెంట్లు ఒకే పేరుతో పక్కపక్క బెడ్లలో ఉన్నారా? ఆర్డరు అర్థం కాని రాతలో ఉందా? ఒక్కతే ముప్ఫై మందికి ఇంజెక్షన్లు చేస్తోందా? మందు కలుపుతుంటే ఎన్నిసార్లు ఎవరెవరు పిలిచారు? వీటిలో చాలావాటిని సరిచేసే అధికారం మీ చేతిలో ఉంది, ఆమె చేతిలో లేదు.

ఇన్సిడెంట్ రిపోర్టు ఆమె చేతే రాయించండి, పక్కన మీరు కూర్చోండి. జరిగింది జరిగినట్టు, టైమ్‌తో సహా. కేస్ షీట్‌లో దిద్దడం, కాగితం మార్చడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. తెలిసి తెలిసి నిర్లక్ష్యం చేసినవాళ్ల సంగతి వేరు. పదే పదే హెచ్చరించినా మారకపోతే సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా చెప్పాల్సిందే. కానీ అలాంటివాళ్లు తక్కువ.

డ్యూటీ ఛార్టు వేస్తే ఎవరో ఒకరు అలుగుతారు. అందరికీ న్యాయంగా వేయడం ఎలా?

అందరినీ సంతోషపెట్టే ఛార్టు ఉండదు. అందరికీ కనిపించే లెక్క మాత్రం ఉండాలి. ఎవరు ఎన్ని నైట్లు చేశారు, పోయిన సంక్రాంతికి ఎవరు డ్యూటీలో ఉన్నారు, బతుకమ్మకు ఎవరికి లీవ్ దొరికింది, క్రిస్మస్‌కు ఎవరు ఆగారు... ఒక నోట్‌బుక్‌లో రాసి అందరూ చూసేలా పెట్టండి. గుసగుసలు సగం తగ్గుతాయి. ఛార్టు కనీసం వారం ముందు బయట పెట్టాలి. పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలో వాళ్లూ చూసుకోవాలి కదా.

పేషెంట్ల వైపు నుంచి ఒక్క రూల్: ఏ షిఫ్టులోనూ ఇద్దరు కొత్తవాళ్లు మాత్రమే ఉండకూడదు. నైట్‌లో అయితే మరీ. గర్భిణులకు, బాలింతలకు నైట్లు తగ్గించడానికి మిగతావాళ్లను ముందే ఒప్పించుకోండి. మీకు దగ్గరివాళ్లకు మంచి షిఫ్టులు పడుతున్నాయన్న అనుమానం ఒకసారి వస్తే దాన్ని పోగొట్టడానికి ఏళ్లు పడుతుంది.

స్టాఫ్ ఎప్పుడూ తక్కువే. నలభై మందికి ఇద్దరమే ఉంటే ఏం చేస్తాం?

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు, సెలవుల కోసం అదనంగా 30 శాతం సిబ్బంది. మన వార్డుల్లో ఉన్నది దీనికి చాలా దూరం. ఈ దూరాన్ని నర్సులు తమ నడుములతో, నిద్రతో, ఇంటి టైమ్‌తో పూడుస్తున్నారు. ఇది అన్యాయం, ఆ మాట అనడానికి మొహమాటపడక్కర్లేదు.

అయినా ఆ రోజు షిఫ్టు నడవాలి. ఉన్న ఇద్దరికీ బెడ్లు సగం సగం పంచడం తేలిక, కానీ సరైంది కాదు. సీరియస్ పేషెంట్లందరూ ఒక వైపు పడిపోవచ్చు. బరువును బట్టి పంచండి. సీరియస్ వాళ్లను డెస్క్‌కు దగ్గరి బెడ్లలోకి మార్చండి. ఈ షిఫ్టులో తప్పకుండా జరగాల్సినవి ఏవి, ఆగగలిగేవి ఏవి అనేది మీరే నోటితో చెప్పండి. టైమ్‌కు పడాల్సిన యాంటీబయాటిక్స్, ఇన్సులిన్, సీరియస్ వాళ్ల వైటల్స్, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం ఆగవు. రిజిస్టరు అందంగా రాయడం ఆగుతుంది. ఏది వదిలేయాలో తేల్చే బరువు జూనియర్ మీద పెట్టకండి.

ప్రతిసారీ రాతపూర్వకంగా నర్సింగ్ సూపరింటెండెంట్‌కు తెలియజేయండి: తేదీ, షిఫ్టు, పేషెంట్ల సంఖ్య, నర్సుల సంఖ్య, వెంటిలేటర్ మీద ఎందరు, ఏ పని చేయలేకపోయాం. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. వెంటనే ఎవరూ కదలకపోవచ్చు. కానీ నోటి ఫిర్యాదు గాలిలో కలిసిపోతుంది, నెలల తరబడి పేరుకున్న కాగితాలను పక్కన పెట్టడం కష్టం.

ఎమర్జెన్సీ ట్రాలీ ఎంత తరచుగా చెక్ చేయాలి?

ప్రతి షిఫ్టులో ఒకసారి, వాడిన ప్రతిసారీ. లిస్టులో టిక్కులు పెట్టడం చెకింగ్ కాదు. లారింజోస్కోప్ (గొంతులో గొట్టం వేయడానికి వాడే లైటు పరికరం) తెరిచి బల్బు వెలుగుతోందో చూడాలి. ఆంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి శ్వాస ఇచ్చే సంచి) అరచేత్తో మూసి నొక్కి చూడాలి. సక్షన్ ఆన్ చేసి ట్యూబ్ మడిచి ప్రెషర్ వస్తోందో చూడాలి. ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉంటుంది, తిప్పే కీ మాత్రం దొరకదు. కీని గొలుసుతో సిలిండర్‌కే కట్టేయండి. అడ్రినలిన్, అట్రోపిన్, అమియోడరోన్ ఎక్స్‌పైరీ దగ్గర పడ్డవి ముందు వరుసలో ఉండాలి.

మూడు నెలలకోసారైనా వార్డులోనే సీపీఆర్ డ్రిల్ పెట్టండి. నిమిషానికి 100 నుంచి 120 కంప్రెషన్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 కంప్రెషన్లకు 2 శ్వాసలు. ఆయమ్మలు, వార్డ్ బాయ్‌లు కూడా అందులో ఉండాలి. ట్రాలీ తోసుకొచ్చేది, డాక్టరు కోసం పరిగెత్తేది వాళ్లే.

ఇన్ఫెక్షన్ కంట్రోల్‌లో హెడ్ నర్సు వంతు ఏంటి? నీడిల్ గుచ్చుకుంటే?

చేతుల శుభ్రత పోస్టర్లతో రాదు. ప్రొఫెసర్ రౌండ్‌లో ఉన్నా సరే 'సార్, హ్యాండ్ రబ్' అని సీసా అందించే హెడ్ నర్సుతో వస్తుంది. ప్రతి రెండు బెడ్లకు ఒక సీసా ఉందా, నిండుగా ఉందా అన్నది చూడండి. కాథెటర్లు (మూత్రం గొట్టాలు), కాన్యులాలు ఇంకా అవసరమా అని రోజూ రౌండ్‌లో అడగండి. అవసరం లేని కాథెటర్ తీయించడం కంటే చవకైన ఇన్ఫెక్షన్ నివారణ లేదు.

చెత్త విషయంలో 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. రక్తం అంటిన దూది, గాజుగుడ్డ పసుపులోకి. ట్యూబులు, సూది తీసిన సిరంజిలు, గ్లవ్స్ ఎరుపులోకి. సూదులు, బ్లేడ్లు తెల్ల డబ్బాలోకి. గాజు వయల్స్ నీలంలోకి. తప్పుగా వేసిన సూది గుచ్చుకునేది చెత్త మోసే ఆయమ్మకే. చదువు లేని ఆమె చేతికి మనం వదిలే ప్రమాదం అది. ఈ మాట కొత్త హౌస్ సర్జన్లకు మొదటి రోజే చెప్పండి.

నీడిల్ గుచ్చుకుంటే సబ్బు, నీళ్లతో కడగాలి. నొక్కి రక్తం పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. వెంటనే రిపోర్టు చేయాలి. పేషెంట్ హెచ్ఐవి, హెపటైటిస్ బి, సి పరీక్షల సంగతి చూడాలి. హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందు వీలైతే 2 గంటల్లోపు మొదలవ్వాలి, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు, 28 రోజులు వాడాలి. రాత్రి రెండింటికి ఆ మందు మీ ఆసుపత్రిలో ఎక్కడ దొరుకుతుందో మీకు ఇప్పుడే తెలిసి ఉండాలి. మీ నర్సులందరికీ హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో ఒక లిస్టు రాసి పెట్టుకోండి.

పేషెంట్ బంధువులు గొడవకు దిగితే?

చాలా గొడవలు సమాచారం లేక మొదలవుతాయి. ఎనిమిది గంటలుగా బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకు లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పరు. రోజుకు రెండుసార్లు, ఫలానా టైమ్‌కు డాక్టరో మీరో వచ్చి మాట్లాడతారని చెప్పి, మాట ప్రకారం వెళ్లి మాట్లాడండి. పరిస్థితి విషమంగా ఉంటే ముందే చెప్పించండి. చివరి నిమిషంలో చెబితే ఎవరూ నమ్మరు.

గొంతులు పెరిగితే జూనియర్‌ను వెనక్కి పంపి మీరు ముందుకు రండి. కుటుంబంలో పెద్దమనిషి ఎవరో చూసి, ఆయన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి. చేయి లేచే సూచన కనిపిస్తే సెక్యూరిటీని పిలవండి, వాదన ఆపేయండి. ఆసుపత్రి సిబ్బంది మీద దాడులకు 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రత్యేక చట్టం వచ్చింది. దాని కింద దాడి నాన్‌బెయిలబుల్ నేరం, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. దెబ్బ తిన్న నర్సును 'పోనీలే, సర్దుకుపో' అనకండి. ఫిర్యాదు రాసేటప్పుడు, స్టేషన్‌కు వెళ్లేటప్పుడు తోడు ఉండండి. ఆసుపత్రిలోపలివాళ్లే అసభ్యంగా ప్రవర్తిస్తే 2013 చట్టం ప్రకారం ఇంటర్నల్ కమిటీ ఉండాలి. అందులో ఎవరున్నారో మీ వార్డు అమ్మాయిలందరికీ తెలియాలి.

మొదటిసారి పేషెంట్ చనిపోతే కొత్త నర్సులు తట్టుకోలేకపోతున్నారు. ఎలా సాయం చేయాలి?

బాడీ అప్పగించడం, కాగితాలు పూర్తి చేయడం అయ్యాక ఆ అమ్మాయిని పావుగంట డ్యూటీ రూమ్‌లో కూర్చోబెట్టి టీ ఇప్పించండి. ఆ పావుగంట ఆమె బెడ్లు మీరు చూడండి. 'అలవాటైపోతుందిలే' అనొద్దు. అలవాటు కావాలని మనం కోరుకోవడం లేదు. ఏం జరిగిందో ఆమెను చెప్పనివ్వండి. చేయాల్సింది చేసి ఉంటే ఆ మాట స్పష్టంగా చెప్పండి: 'టైమ్‌కు పిలిచావు, కంప్రెషన్లు సరిగ్గా చేశావు.' చాలామందిని వారాల తరబడి తినేసే టెన్షన్ 'నా వల్లే ఏమో' అన్నదే.

పిల్లల వార్డులో, బర్న్స్ వార్డులో ఇది ఒక్కరి సంగతి కాదు, టీమ్ మొత్తానిది. మర్నాడు హ్యాండోవర్ తర్వాత ఐదు నిమిషాలు అందరూ కలిసి మాట్లాడుకోండి. నిద్ర పట్టకపోవడం, తరచూ సెలవు పెట్టడం, మాట తగ్గిపోవడం కనిపిస్తే సైకియాట్రీ విభాగంలో మాట్లాడి పంపండి. అది మచ్చ కాదని మీ నోటితో చెబితే నమ్ముతారు.

కేస్ షీట్‌లో ఏం రాయాలి, ఎలా రాయాలి?

చూసింది, చేసింది, చెప్పింది, టైమ్. 'డాక్టరుకు తెలియజేశాను' అని వదిలేయకుండా ఏ డాక్టరుకు, ఎన్ని గంటలకు, వాళ్లేమన్నారు అన్నది రాయాలి. తప్పు పడితే ఒక గీత కొట్టి సంతకం పెట్టాలి, వైట్నర్ వాడకూడదు. ఫోన్ ఆర్డరు తీసుకుంటే తిరిగి చదివి వినిపించి, డాక్టరు రాగానే సంతకం తీసుకోవాలి. షిఫ్టు చివర్లో అన్నీ ఒకేసారి రాసే అలవాటు మాన్పించండి. ఎంఎల్‌సి (పోలీసు, కోర్టుతో ముడిపడిన మెడికో లీగల్) కేసుల్లో కోర్టుకు వెళ్లేది ఆ కాగితమే.

రిజిస్ట్రేషన్, పై చదువుల సంగతేంటి?

స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, అందుకు నిరంతర నర్సింగ్ విద్య గంటలు చూపాలి. వర్క్‌షాపుల సర్టిఫికెట్లు ఒక ఫైల్‌లో దాచుకోండి. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) చేసినవాళ్లకు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. వార్డు ఛార్టు వేసే అధికారం మీ చేతిలో ఉంది కాబట్టి, చదువుకునే జూనియర్‌కు పరీక్షల నెలలో నైట్లు తగ్గించండి.

ఈ అనుభవం విదేశాల్లో పనికొస్తుందా?

వస్తుంది, కానీ హోదా నేరుగా రాదు. బ్రిటన్‌కు వెళితే ఇంగ్లిష్ పరీక్ష, కంప్యూటర్ పరీక్ష, ఆస్కీ అనే ప్రాక్టికల్ దాటి, మామూలుగా బ్యాండ్ 5 (అక్కడి జీతాల మెట్లలో ఒకటి) నర్సుగానే మొదలవ్వాలి. అక్కడి వార్డు సిస్టర్ బ్యాండ్ 6 గానీ 7 గానీ ఉంటుంది. ఇక్కడ వార్డు నడిపినవాళ్లు ఆ మెట్లు త్వరగా ఎక్కగలరు. వెళ్లే ఆలోచన ఉంటే ఇప్పటి నుంచే ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో వివరాలు రాయించుకోండి: ఏ వార్డు, ఎన్ని పడకలు, ఎంతమంది నర్సుల టీమ్, మీరు నేర్పిన శిక్షణలు, చేసిన ఆడిట్లు. 'హెడ్ నర్సుగా పని చేశారు' అన్న ఒక్క వాక్యంతో అవతలివాళ్లకు మీ పని అర్థం కాదు.